సుర్ఖీ: వార్త కంటే ముందు వెలువడే తీర్పు

నారాయణఖేడ్‌లో ఉర్దూ చదువుకున్న పెద్దవాళ్లు వార్తాశీర్షికను ‘సుర్ఖీ’ అంటారు. సుర్ఖ్ అంటే ఎరుపు. అచ్చుయంత్రం రాకముందు గ్రంథాలను చేతితో నకలు చేసే లేఖకులు విషయాన్ని నల్లసిరాతోనూ, ప్రకరణం పేరును ఎర్రసిరాతోనూ వ్రాసేవారు. ఆ ఎరుపు పోయింది గాని పేరు నిలిచింది. అదే ఇంట్లో తెలుగు బడిలో చదివిన కొడుకులు, మనుమలు దానిని ‘హెడ్డింగు’ అనో, ‘టైటిల్’ అనో అంటారు. పేరు ఏదైనా, నేడు చాలామంది చదువుతున్నది అదొక్కటే. దాని కింద ఉన్న నల్లసిరా వైపు చూపు మళ్లడం లేదు.

నారాయణఖేడ్ ఉదాహరణ ఈ చర్చకు అన్నివిధాలా తగినది. 1956 నవంబరు 1 వరకు అది బీదర్ జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ పట్టణం మైసూరు రాష్ట్రానికి పోగా, ఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో చేరి మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. జిల్లాలు మారినా సంతలు, వియ్యాలు, భాషలు గీతగీసినట్టు విడిపోలేదు. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ అక్కడ ఒకే బజారులో వినిపిస్తాయి. కనుక ఒకే సంఘటన ఒకే మనిషి చేతిలోని ఫోనుకు హైదరాబాదు నుంచి ఉర్దూ శీర్షికతో, మరొక చోటు నుంచి తెలుగు శీర్షికతో, బీదర్ వైపు నుంచి కన్నడ వీడియోగా వచ్చి చేరుతుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడికి, అవి ఒకే సంఘటనను గురించి చెబుతున్నాయా అన్న అనుమానం కలుగుతుంది. అయితే పక్కపక్కన పెట్టి చూసేది ఎందరు?

హోటల్లో ఒకే పత్రిక పదిమంది చేతులు మారే రోజుల్లో శీర్షికలు నిజాయితీగా ఉండేవని ఎవరూ అనలేరు. అప్పుడూ అతిశయోక్తులు ఉన్నాయి, అప్పుడూ అగ్గి రాజేసిన పతాకశీర్షికలు ఉన్నాయి. కాని ఒకడు శీర్షిక పైకి చదివితే ఎదుటివాడు “కింద ఏం రాసిండు?” అని అడిగేవాడు. అడిగితే జవాబు అదే కాగితం మీద, రెండు అంగుళాల కింద ఉండేది. ఫోనులో శీర్షికా, వార్తా విడిపోయాయి. శీర్షిక ఊరికే కనబడుతుంది. వార్త కావాలంటే వేలితో తలుపు తట్టాలి, ప్రకటనలు దాటాలి, కొన్నిచోట్ల చందా కూడా కట్టాలి. శీర్షిక మాత్రం ఆ లోపలే పది గ్రూపులకు వెళ్లిపోయి ఉంటుంది.

శీర్షిక చేసే మోసాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు భాషలోనే ఒక గొప్ప ఆధారం ఉంది. అది ‘ట’ అనే చిన్న అక్షరం. “పక్క ఊళ్లో దొంగలు పడ్డారు” అంటే చెప్పేవాడు ఆ మాటకు తానే పూచీ పడుతున్నాడు. “దొంగలు పడ్డారట” అంటే తాను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడు. అక్షరం రాని అవ్వ కూడా ఈ తేడా తప్పదు. హదీసు శాస్త్రంలో ఇస్నాద్, అనగా ఎవరి నుంచి ఎవరు విన్నారో చెప్పే పరంపర, చేసే పనిలో మొదటి మెట్టును తెలుగువారు ఒక్క అక్షరంతో సాధించారు. మరి తెలుగు శీర్షికల్లో ఈ ‘ట’ ఎక్కడ ఉంది? ఎక్కడో గాని కనిపించదు. “దొంగల బీభత్సం” అని ఉంటుంది. క్రియ లేదు కనుక కర్త లేడు, కర్త లేడు కనుక పూచీ లేదు. చూసినదో విన్నదో తేల్చే అవకాశమే వ్యాకరణంలో లేకుండా చేసి, విన్నదానిని కన్నదానిగా నిలబెట్టడం ఇది.

మరికొందరు ‘ట’ బదులు ప్రశ్నార్థకం పెడతారు. “ఫలానావాడి హస్తం ఉందా?” అని. వార్త మొత్తం చదివితే ఉందని గాని లేదని గాని ఒక్క వాక్యం దొరకదు. ఇక మూడు చుక్కల విద్య వేరు: “లోపలికి వెళ్లి చూస్తే...” అని ఆపేస్తారు. ఇది బజారు వ్యాపారం, చవకబారుదే గాని దీనివల్ల పోయేది చదువరి సమయం మాత్రమే. నిజమైన ప్రమాదం ఏ అక్షరమూ అబద్ధం కాని శీర్షికలో ఉంది. ‘నిందితుడు’ అనవలసిన చోట ‘నేరస్తుడు’ అనకుండానే, పేరునూ నేరాన్నీ ఒకే వరుసలో నిలబెడితే చాలు, మిగిలిన పని చదువరి మనసు చేసుకుంటుంది. హదీసువేత్తలు ‘కజ్జాబ్’ను, అనగా పచ్చి అబద్ధీకుణ్ని ఒక తరగతిలోనూ, ‘ముదల్లిస్’ను మరొక తరగతిలోనూ ఉంచారు. ముదల్లిస్ అబద్ధం చెప్పడు. ఎవరి నుంచి విన్నాడో ఆ పేరు మింగేసి, నేరుగా పైవాడి నుంచే విన్నట్టు తోచే మాట వాడతాడు. నేటి శీర్షికల్లో అధికభాగం ఈ తద్లీస్ కిందికే వస్తాయి.

ఇదంతా మాటల గారడీ గురించిన గొడవ అనుకునేవారికి బీదర్ జిల్లా జవాబు చెబుతుంది. 2018 జూలై 13, శుక్రవారం. హైదరాబాదు నుంచి వచ్చిన కొందరు మిత్రులు, వారిలో ఖతర్ దేశస్థుడు ఒకడు, ఔరాద్ తాలూకా వైపు కారులో పోతూ ఒకచోట ఆగారు. బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. అక్కడ జరిగినది ఇంతే. చూసినవారు కొందరు దానికి మరొక పేరు పెట్టారు: పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు. ఆ పేరుతో వీడియో వాట్సాప్ గ్రూపులో పడింది. కారు ముర్కి గ్రామం చేరేలోపే కబురు అక్కడికి చేరింది. జనం దారికి అడ్డం పడ్డారు. కారు పల్టీ కొట్టింది. లోపలి వారిని బయటికి లాగి కొట్టారు. అడ్డుకున్న పోలీసులకూ గాయాలయ్యాయి. హైదరాబాదుకు చెందిన ముప్పై ఏళ్లు దాటిన ఒక ఇంజనీరు అక్కడే ప్రాణం విడిచాడు. గ్రూపు నిర్వాహకుడితో సహా పలువురిని తరువాత అరెస్టు చేశారు.

ఆ వీడియోలో కల్పించిన బొమ్మ ఏదీ లేదు. చాక్లెట్లు నిజం, పిల్లలు నిజం, కారు నిజం. అబద్ధం శీర్షికలో ఉంది. ఆ రోజుల్లో కర్ణాటకలోనూ ఇతర రాష్ట్రాల్లోనూ చేతులు మారిన మరొక వీడియో సంగతి ఇంకా విచిత్రమైనది. వీధిలో ఆడుకుంటున్న పిల్లల్లో ఒకణ్ని మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు ఎత్తుకుపోతారు. అసలు అది కరాచీలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక సంస్థ 2016లో తీయించిన ప్రచారచిత్రం. చివర ఆ ఇద్దరే పిల్లవాణ్ని తిరిగి తెచ్చి దించి, తల్లిదండ్రులను జాగ్రత్తగా ఉండమనే అట్ట పైకెత్తి చూపుతారు. ఆ చివరి భాగం కోసేశారు. ఉన్నదానికి కొత్త శీర్షిక తగిలించారు. పిల్లలను కాపాడడానికి తీసిన చిత్రం మనుషులను చంపడానికి పనికివచ్చింది.

అదే ఏడాది వేసవిలో తెలంగాణలోనూ ఈ పుకారు ప్రాణాలు తీసింది. జోగులాంబ గద్వాల జిల్లాలో మాత్రం పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి, ఎండాకాలంలో ఆరుబయట పడుకునే జనం ఇళ్లలో దూరి గడియలు పెట్టుకుంటున్న సంగతి తన సిబ్బంది ద్వారా ముందే కనిపెట్టారు. పోలీసులను గ్రామాలకు పంపి, డప్పు మీద పాట కట్టించి, ఫోనులో వచ్చినదంతా నిజం కాదని ఊరూరా చెప్పించారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణమూ పోలేదు. శీర్షికను ఓడించడానికి మరొక శీర్షిక సరిపోలేదన్న సంగతి గమనించదగ్గది. మనిషి వెళ్లి మనిషితో కూర్చోవలసి వచ్చింది.

శీర్షిక అనేదానిని ముస్లిం విద్వాంసులు చిన్న విషయంగా ఎన్నడూ చూడలేదు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన సహీహ్ గ్రంథంలో అధ్యాయాలకు పెట్టిన శీర్షికలను ‘తరాజిమ్’ అంటారు. బుఖారీ ధర్మశాస్త్ర పాండిత్యమంతా ఆ శీర్షికల్లోనే ఉందన్నది విద్వాంసులలో నానుడి అయింది. వాటి మీదనే ప్రత్యేకంగా గ్రంథాలు వెలువడ్డాయి. హిజ్రీ ఏడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఇబ్నుల్ మునయ్యిర్ ఒకటి వ్రాశారు. పద్దెనిమిదవ శతాబ్దంలో ఢిల్లీలో షా వలీయుల్లాహ్ మరొకటి వ్రాశారు. బుఖారీ ఈ శీర్షికలను మదీనాలో దైవప్రవక్త (స) సమాధికీ మింబరుకూ నడుమ కూర్చుని సాపు వ్రాశారనీ, ఒక్కొక్క శీర్షికకు రెండు రకాతుల నమాజు చేసేవారనీ ఇబ్ను అదీ ఉల్లేఖించారు. నేడు శీర్షికకు దక్కే వ్యవధి ఒక గుక్క టీ తాగే వ్యవధి.

బుఖారీ కూడా శీర్షికలో ప్రశ్న పెడతారు. అది పాఠకులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. విద్యకు సంబంధించిన ప్రకరణంలో, స్త్రీలకు విద్య నేర్పడానికి వేరుగా ఒక రోజు కేటాయించవచ్చునా అనే అర్థంలో ఒక శీర్షిక ఉంది. వెంటనే కింద హదీసు ఉంది: స్త్రీలు వచ్చి అడిగారు, దైవప్రవక్త (స) వారికి ఒక రోజు మాట ఇచ్చారు. ప్రశ్న అడిగిన మరుక్షణం చదువరి చేతిలో సాక్ష్యం పెట్టి, తీర్పు నువ్వే చూసుకో అన్నట్టుంటుంది. ఆధారం రెండు వైపులా మొగ్గేలా ఉన్నచోట కూడా బుఖారీ నిశ్చయవాక్యం వ్రాయక ప్రశ్నగానే వదిలిపెడతారని వ్యాఖ్యాతలు చెబుతారు. తెలిసినంత మేరకే నోరు తెరవడం అక్కడి ప్రశ్నార్థకం పని. తెలియని మాటను తెలిసినట్టు ధ్వనింపజేసి, రేపు ఎవరైనా నిలదీస్తే “అడిగాం గాని అనలేదు” అని తప్పుకోవడం ఇక్కడి ప్రశ్నార్థకం పని.

ఇమామ్ ముస్లిం (రహ్మలై) గ్రంథం కథ వేరు. ఆయన హదీసులను విషయవారీగా కూర్చారు గాని అధ్యాయశీర్షికలు పెట్టలేదు. నేటి అచ్చుప్రతుల్లో కనిపించేవి ప్రధానంగా ఇమామ్ నవవీ (రహ్మలై) పెట్టినవి. తనకు ముందు కొందరు శీర్షికలు పెట్టారనీ, వాటిలో కొన్ని బాగున్నాయి గాని కొన్ని బాగులేవనీ నవవీ తన వ్యాఖ్యాన పీఠికలో నిర్మొహమాటంగా వ్రాశారు. విషయం వ్రాసినవాడు ఒకడు, శీర్షిక పెట్టినవాడు మరొకడు. పత్రికల్లో జరిగేదీ ఇదే. మండల విలేకరి వార్త పంపుతాడు, శీర్షిక జిల్లా కేంద్రంలోనో నగరంలోనో డెస్కు మీద పడుతుంది. తెల్లవారి ఊరి జనం విలేకరిని నిలదీస్తే, ఆ శీర్షికను అతడూ అప్పుడే చూస్తున్నాడు. ఈ రెంటికీ తేడా ఒక్కటే: నవవీ పేరు ఆ శీర్షికల వెంట ఏడున్నర శతాబ్దాలుగా నడుస్తున్నది. డెస్కు మీద శీర్షిక పెట్టినవాడి పేరు ఏ పత్రికా వేయదు.

భారత ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో శీర్షికలు రెచ్చగొట్టేవిగా ఉండరాదనీ, కింద ముద్రించిన విషయానికి తగినట్టు ఉండాలనీ స్పష్టంగా ఉంది. కాని ఆ కౌన్సిల్ అధికారం పత్రికలకూ వార్తాసంస్థలకూ పరిమితం. అది మందలించగలదే గాని శిక్షించలేదు. యూట్యూబు దాని పరిధిలోకి రాదు.

“కింద చదివితే నిజం తెలుస్తుంది కదా” అనే సమర్థన ఒకటి తరచు వినిపిస్తుంది. ఇది రెండు విధాల తప్పు. మొదటిది, కింద చదవరు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్సులోని ఇన్రియా సంస్థ పరిశోధకులు ట్విట్టరులో పంచుకున్న వార్తల లంకెలను లెక్కించగా, వాటిలో 59 శాతాన్ని ఒక్కరు కూడా తెరవలేదని తేలింది. ఫేస్‌బుక్‌లో 2017 నుంచి 2020 వరకు పంచుకున్న మూడున్నర కోట్ల పైచిలుకు లంకెలను పరిశీలించిన మరొక అధ్యయనం 2024లో వెలువడింది. పంచుకున్న సందర్భాల్లో దాదాపు 75 శాతం, పంచుకున్నవారే తెరిచి చూడనివి.

రెండవది మరింత లోతైన మాట. చదివినవారు కూడా తప్పించుకోలేరు. 2014లో పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికి చెందిన ఉల్రిచ్ ఎకర్, ఆయన సహచరులు ఒకే వ్యాసాన్ని రెండు శీర్షికలతో వేర్వేరు జనానికి ఇచ్చి చదివించారు. ఒక వ్యాసంలో దొంగతనాలు గత ఏడాదిలో 0.2 శాతం పెరిగాయనీ, పదేళ్లలో మొత్తం మీద 10 శాతం తగ్గాయనీ ఉంది. ఒక శీర్షిక పెరుగుదలను చెప్పింది, మరొకటి తగ్గుదలను చెప్పింది. రెండూ నిజమే! అయినా ఇటువంటి తప్పుదారి శీర్షికలు, వ్యాసం పూర్తిగా చదివినవారిలో కూడా ఏది గుర్తుండాలో, దాని నుంచి ఏ అర్థం తీయాలో మార్చగలిగాయి. నేరవార్తలో ముద్రించిన ముఖం మీద కూడా ఆ ప్రభావం పడింది. శీర్షిక నేరస్తుణ్ని గురించి, ఫొటో మరొకరిది అయినప్పుడు, ఆ మరొకరి ముఖమే చదువరులకు చెడ్డదిగా తోచింది.

ఈ ప్రయోగాన్ని భారతదేశం 2020లో తన మీద తానే చేసుకుంది. మార్చి 30 రాత్రి తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయం, ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన సమావేశాలకు వెళ్లివచ్చినవారిలో ఆరుగురు కరోనాతో మరణించారని ప్రకటించింది. వెళ్లినవారు స్వయంగా ముందుకు వచ్చి పరీక్షలు చేయించుకోవాలన్నది ఆ ప్రకటన సారాంశం. అది అవసరమైన ప్రకటన. అటువంటి సమయంలో అంత పెద్ద సమావేశం జరపడం మీద ముస్లిములే ప్రశ్నలు వేశారు, వేయవలసిందే. కాని తెల్లవారేసరికి జబ్బుకు మతం పేరుతో శీర్షిక తయారయింది. ‘కరోనా జిహాద్’ అనే రెండు మాటలు దేశమంతా తిరిగాయి. జబ్బుపడినవాడు జబ్బు పంచినవాడయ్యాడు, నిర్లక్ష్యం కుట్ర అయింది. కరోనా గురించిన ఏ వార్తకైనా టోపీ పెట్టుకున్నవాడి ఫొటో తగిలించడం మొదలైంది. ఎకర్ పరిశోధన చదివినవారికి ఆ ఫొటో ఏం పని చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం, 29 మంది విదేశీ జమాఅత్ సభ్యుల మీది కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారనీ, పత్రికల్లో, టీవీల్లో వారికి వ్యతిరేకంగా పెద్ద ప్రచారం సాగిందనీ వ్యాఖ్యానించింది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఈ వార్తల తీరు మీద జమీఅతె ఉలమాయె హింద్ వేసిన పిటిషను 2021 సెప్టెంబరు 2న విచారణకు వచ్చినప్పుడు, నాటి ప్రధాన న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణ ఒక వర్గం ప్రసార మాధ్యమాలు ప్రతిదానికీ మతం రంగు పులుముతున్నాయనీ, వెబ్ పోర్టళ్లకు, యూట్యూబు చానళ్లకు జవాబుదారీ లేకుండా పోయిందనీ అన్నారు. న్యాయవాది కాకముందు తెలుగు పత్రికలో పనిచేసిన మనిషి కావడం వల్ల ఆ మాటకు ఎక్కువ బరువు ఉంది. విదేశీ సభ్యులకు ఆశ్రయమిచ్చారన్న ఆరోపణ మీద 70 మంది భారతీయులపై పెట్టిన 16 కేసులను ఢిల్లీ హైకోర్టు కొట్టివేసేసరికి 2025 జూలై 17 వచ్చింది. తీర్పుకు అయిదేళ్లకు పైగా పట్టింది. శీర్షికకు ఒక్క రాత్రి పట్టింది. 2020లో ఆ రెండు మాటలు ఏ ఫోనులోకి వెళ్లాయో ఆ ఫోనులోకి ఈ తీర్పు వెళ్లిందని చెప్పగలిగేవారు లేరు.

ఇంతవరకు చదివి, తప్పంతా పరుల వైపే ఉందని ముస్లిం పాఠకులు నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. చంద్రుని మీద అజాన్ విని నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇస్లాం స్వీకరించాడన్న మాట ఇంటర్నెట్టు రాకముందే ఈజిప్టు నుంచి ఇండొనేషియా దాకా తిరిగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ కాదన్నాడు. 1983లో అమెరికా విదేశాంగశాఖ ముస్లిం దేశాల్లోని తన రాయబార కార్యాలయాలకు ఈ ఖండనను పంపవలసి వచ్చింది. అయినా ఆ మాట ఆగలేదు. నేటికీ కొత్త బొమ్మతో, కొత్త శీర్షికతో వస్తూనే ఉంది. దానిని పంపేవారికి దురుద్దేశం లేదు, సంతోషమే ఉంది. అయితే సూరా హుజురాత్ ఆరవ ఆయతు వార్తను నిర్ధారించుకోమని ఆదేశిస్తూ, అది సంతోషం కలిగించేదైతే విడిచిపెట్టవచ్చునని మినహాయింపు ఇవ్వలేదు. విన్నదల్లా చెప్పేసేవాణ్ని అబద్ధీకుల వరుసలో నిలబెట్టే హదీసును ఇమామ్ ముస్లిం గ్రంథం మధ్యలో ఎక్కడో గాక పీఠికలోనే పెట్టారు. కల్పిత హదీసులను అల్లినవారిలో, జనాన్ని దైవం వైపు మళ్లించడానికే అల్లామని చెప్పుకున్న భక్తులు కూడా ఉన్నారని హదీసు శాస్త్రం చదివినవారికి తెలుసు. విమర్శకులు వారిని ఎక్కువగానే శంకించారు.

వెబ్ పత్రికల్లో మరొక అలవాటు ప్రబలింది. ఉదయం పెట్టిన శీర్షిక మీద గొడవ లేస్తే సాయంత్రానికి నిశ్శబ్దంగా మార్చేస్తారు. మార్చినట్టు ఒక్క మాట ఉండదు. తీరా చూస్తే ఉదయం చదివినవాడి ఫోనులో బొమ్మగా మిగిలిన పాత శీర్షిక ఒకటి, పత్రికలో ఉన్నది మరొకటి. బుఖారీ గ్రంథానికీ ఇటువంటి చిక్కు ఒకటి వచ్చింది. ఆయన శిష్యుడు ఫిరబ్రీ వద్ద ఉన్న మూలప్రతిలో కొన్నిచోట్ల శీర్షిక ఉండి కింద హదీసు లేదు, కొన్నిచోట్ల హదీసు ఉండి పైన శీర్షిక లేదు. నకలు తీసినవారు వాటిని పక్కపక్కన చేర్చారు. ఫలితంగా కొన్ని శీర్షికలకూ కింది హదీసులకూ పొంతన కుదరక వ్యాఖ్యాతలు శతాబ్దాల పాటు తలలు పట్టుకున్నారు. ఈ సంగతి లోకానికి ఎలా తెలిసింది? నకలు తీసినవారిలో ఒకరైన అబూ ఇస్‌హాక్ ముస్తమ్లీ, మూలంలో ఖాళీలు ఉన్నాయనీ, వాటిని తామే చేర్చామనీ స్వయంగా చెప్పారు. ఆ మాట ఆయన పేరుతోనే నేటికీ నమోదై ఉంది.